తడి వేళ్లతో తెంపిన ఆకులు

మా ఆయన పోయి నెల మాసికం అయిన తర్వాత గాని నాకు ఆ రేకు పెట్టె తెరవడానికి చేతులు రాలేదు. షోలాపూర్ నుంచి తెచ్చుకున్న పెట్టె అది. మూత మీది పచ్చరంగు ఎప్పుడో పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయింది. తెరిస్తే లోపల ఇంకా మిల్లు వాసనే ఉన్నది, నూనె, నూలు కలిసిన వాసన. రెండు ధోతులు, పాత రేషన్ కార్డు, అత్తమ్మ ఫోటో, వాటి కింద గుడ్డముక్కలో చుట్టి నా చిన్న కత్తెర. దాని అలుగులు కొసల దగ్గర నల్లగా మాడి ఉన్నాయి. ఎన్నేళ్లుగానో పోయిందనుకున్న కత్తెర అది. కత్తెర కింద మడత పెట్టిన ఇన్‌లాండ్ ఉత్తరం ఒకటి ఉన్నది. పైన చిరునామా నా చేతిరాతే. విప్పకుండా చాలాసేపు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అందులో ఏముందో నాకు తెలుసు. ఆ ఉత్తరం రాసిందీ నేనే, రాయాల్సింది రాయనిదీ నేనే.

మాది సాలె ఇల్లు. పుట్టిన ఇంట్లోనూ మగ్గమే, మెట్టిన ఇంట్లోనూ మగ్గమే. కాకపోతే నేను కాపురానికి వచ్చేసరికి అత్తగారింట్లో మగ్గం ఆగిపోయి ఉన్నది. నూలు సరిగ్గా దొరక్క, నేసిన బట్టకు గిరాకీ లేక, ఊళ్లో మా వాళ్లు సగం మంది షోలాపూర్‌కూ భీవండికీ వెళ్లిపోయారు. మా ఆయన కూడా పెండ్లయిన మూడో నెలలోనే మంచిర్యాలలో బండెక్కి షోలాపూర్ మిల్లుకు పోయాడు. గోదావరికి ఇవతల, కరీంనగర్ వైపు ఒడ్డున మా ఊరు. అవతల ఒడ్డు మంచిర్యాల. గాలి ఇటు తిరిగితే రైలు కూత వినబడేది. ఆయన పోయిన తర్వాత రెండేళ్లు ఆ కూత విన్నప్పుడల్లా నేను చేస్తున్న పని ఆపి నిలబడేదాన్ని. ఆ రెండేళ్లలో ఆయన ఇంటికి వచ్చింది రెండుసార్లు, ఉన్నది కలిపి ఇరవై రోజులు.

ఇంట్లో అత్తమ్మ, మామ, నేను. అత్తమ్మ పొద్దున లేస్తూనే ఇంకొకరి మగ్గానికి కండెలు చుట్టడానికి రాట్నం ముందు కూర్చునేది. వంట నాది. గంజి వార్చి ఒక ముంత పక్కన పెట్టడం ఆ ఇంట్లో ఎవరూ మానలేదు, నూలుకు పెట్టేందుకు అక్కర లేకపోయినా. ఆ పులిసిన గంజి వాసన, జొన్నరొట్టె కాలే వాసన, మామ చుట్ట పొగ, ఇవి మూడూ కలిస్తేనే నాకు ఆ ఇల్లు. మామ తక్కువ మాటల మనిషి. గుంట మగ్గం మీద పాత దుప్పటి కప్పి ఉంచేవాడు. రోజూ చేను నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని, ఆ దుప్పటి ఒకసారి సవరించిన తర్వాతే అన్నానికి కూర్చునేవాడు. ఆయనకు ఒక పట్టింపు ఉన్నది. మగ్గం మీద బట్ట సగంలో ఉండగా దానికి కత్తెర పెట్టకూడదు. ఆకలితో చచ్చినా సరే, పడుగు అయిపోయి బట్ట పూర్తయితేనే కోత. పూర్వం ఎవరో అవసరానికి సగం నేసిన చీరను కోసి అమ్ముకుంటే ఆ ఇంట్లో మళ్లీ మగ్గం ఆడలేదని చెప్పేవాడు.

నేసే చేతులు ఊరికే ఉండవు కదా. మామ ఏటి ఒడ్డున ఉన్న కొద్దిపాటి భూమిలో కూరగాయలు మొదలుపెట్టాడు. మొదటి ఏడు వంకాయ వేశాడు, ఏమంత మిగల్లేదు. రెండో ఏడు టమాట. మా ఊళ్లో అప్పటికి టమాట తినేవాళ్లు తక్కువ, చింతపండు ఉండగా ఇదెందుకని నవ్వేవాళ్లు. కానీ అవతలి ఒడ్డున బొగ్గుబావుల్లో పని చేయడానికి ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి దిగారు. మంచిర్యాల అంగడిలో గంప దించితే చాలు, వాళ్లు ఎత్తుకుపోతారని మామ లెక్క. నారు పోసిన రోజు చేతులు దులుపుకుంటూ మామ మామూలు మాటలాగే అన్నాడు. “గీ తోట నిలవడితే పిలగానికి ఉత్తరం రాద్దాం బిడ్డా. ఇంక షోలాపూర్ సాలు, ఇంటికి రమ్మందాం.” ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని చెప్పడానికి ఇప్పుడు సిగ్గేమీ లేదు. అప్పటినుంచి అది మామ తోట కాదు, నాది. పన్నెండు సాళ్లు. ఏ సాలులో ఎన్ని మొక్కలో కళ్లు మూసుకుని చెప్పగలిగేదాన్ని.

పూత మంచిగానే వచ్చింది. చలి ముదిరి, ఏటి మీది మంచు పొద్దెక్కేదాకా మొక్కల మీదనే కూర్చోవడం మొదలైన తర్వాత ఏటివైపు సాళ్లలో అడుగు ఆకుల మీద గోధుమరంగు మచ్చలు కనబడ్డాయి. ఒక్కో మచ్చలో గుండ్రంగా గీతలు, చుట్టూ పసుపు. ఆకు అడుగు నుంచి ఎండుతూ పైకి వస్తున్నది. అప్పట్లో గ్రామసేవక్ అని ఒకాయన రైతులకు పంటల సంగతులు చెబుతూ సైకిలు మీద ఊళ్లు తిరిగేవాడు. ఇరవై ఐదేళ్ల కుర్రాడు, ఎప్పుడూ చెమటతో ఉండేవాడు. ఆయన వచ్చి ఒక ఆకు తిప్పి చూశాడు. “ఇది కింది నుంచి మీదికి పాకే తెగులు. మందు కొట్టే పంపు వచ్చేటాల్లకు దినాలు పడ్తది. అప్పటిదాంక భూమికి ఆనిన ఆకులు, మచ్చలున్న ఆకులు తెంపేయుండ్రి. మొదళ్ల కాడ గాలి ఆడాలె. తెంపినయి కాలవెట్టుండ్రి” అని చెప్పి, తొందరగా మరో ఊరికి వెళ్లిపోయాడు. ఎలా తెంపాలో ఆయన చెప్పలేదు, మేం అడగలేదు.

మామ ఆయన పోయేదాకా ఆగి తల అడ్డంగా ఊపాడు. “పిందెల మీదున్న చెట్టు. ఇప్పుడు దానికి కత్తెర పెడ్తమా? మగ్గం మీది గుడ్డను నడుమ కోసినట్టే గది.” అత్తమ్మ నా మొహం వైపు చూసింది. మామ మాట మీద మాట ఆ ఇంట్లో లేదు. నేను గిన్నెలు తోముకుంటూ కూర్చున్నాను. ఒక్కొక్క రోజూ మచ్చ ఇంకో ఆకు ఎక్కుతున్నది. మామ పట్టింపు మామది. ఇరవై ఏళ్లు నిండని నాకు నా మొగుడు ఇంటికి రావడం తప్ప ఇంకో ఆలోచన లేదు.

మూడు రోజులు పొద్దున్నే, మామ పశువుల పేడ తేవడానికి వెళ్లగానే నేను తోటకు పోయాను. ఒడిలో నా కత్తెర, చేతిలో చిన్న ఇత్తడి గిన్నె, దాన్నిండా నీళ్లు. గిన్నె ఎందుకు తీసుకుపోయానని నన్ను నేను అడగనే లేదు. మగ్గం దగ్గర పెరిగిన పిల్లకు వేళ్ల పక్కన నీళ్ల గిన్నె ఉండాల్సిందే. పోగు తెగితే వేళ్లు తడి చేసి మెలిపెట్టి అతకాలి. పుట్టింట్లో నాకు ఊహ తెలిసినప్పటి నుంచి నా కుడిచేతి పక్కన ఒక గిన్నె ఉండేది. పైగా టమాట ఆకు తెంపితే వేళ్లకు పసుపుపచ్చని జిగురు అంటుకుని నల్లబడుతుంది, వాసన కూడా. కాబట్టి కత్తెరతో ఆకు తెంపడం, వేళ్లు గిన్నెలో ముంచడం, మళ్లీ ఆకు తెంపడం. ఏటివైపు చెడిపోయిన సాళ్లలో మొదలుపెట్టి, మంచి సాళ్ల మీదుగా ఆరో సాలు దాకా వచ్చాను. మంచులో తడిసిన ఆకులు చేతికి చల్లగా తగిలేవి. తెంపిన వాటిని కాలిస్తే పొగ మామకు తెలుస్తుందని, ఒడిలో వేసుకుని ఎరువు గుంటలో కప్పెట్టేదాన్ని. మొక్కల మొదళ్లు విశాలంగా, శుభ్రంగా కనబడుతుంటే ఎంత సంతోషపడ్డానో. మామ చూపు అప్పటికే మందగించింది. నా అదృష్టమనుకున్నాను.

పది రోజులు గడిచేసరికి ఆ ఆరు సాళ్లూ మచ్చలెక్కాయి. మొదట్లో మంచిగా ఉన్న మొక్కల మీద కూడా, సరిగ్గా నేను కోసిన చోటి నుంచి మొదలై పైకి. మిగిలిన ఆరు సాళ్లు మాత్రం, బావివైపువి, పచ్చగానే ఉన్నాయి. మామ గట్టు మీద నుంచి ఆ చివర దాకా నడిచి, మళ్లీ ఈ చివరకు వచ్చాడు. వంగి ఒక్కో మొక్క కింద మట్టి చేత్తో తడిమాడు. తర్వాత గట్టు మీద కూర్చుని చుట్ట ముట్టించుకోకుండానే నోట్లో పెట్టుకున్నాడు. “తెగులు వరుసగ నడిచింది. మనిషి నడిచినట్టే నడిచింది” అన్నాడు. నేను గడ్డి పీకుతున్నట్టు తల వంచుకున్నాను. 

ఆ వారంలోనే మా ఆయన దగ్గరినుంచి ఉత్తరం వచ్చింది. ఇంట్లో చదవడం రాయడం వచ్చింది నాకొక్కదానికే, ఐదో తరగతి దాకా. మామ అరుగు మీద, అత్తమ్మ రాట్నం దగ్గర, నేను గడపలో నిలబడి చదివాను. మిల్లులో పర్మనెంటు చేస్తామంటున్నారనీ, శివరాత్రి లోపల ఒప్పుకుని పేరు రాయించుకోవాలనీ, ఒప్పుకుంటే ఇంక అక్కడే ఉండాల్సి వస్తుందనీ రాశాడు. ‘తోట సంగతి బాపు ఏమంటడో రాయుండ్రి. దాన్ని పట్టి వచ్చుడో ఉండుడో చూసుకుంట.’  ఆ చివరి మాట దగ్గర అత్తమ్మ రాట్నం ఆగింది. మామ అన్నాడు. “ఇప్పుడే జవాబు వద్దు. నాలుగు దినాలు సూద్దాం.” ఆ నాలుగు రోజులు నేను అన్నం కలిపి, తినకుండా లేచిపోయాను. మామకు చెప్పాలని ఎన్నిసార్లు నోరు తెరిచానో. తెరిచిన ప్రతిసారీ వేరే మాట వచ్చింది, నీళ్లు తోడాలా అనో, చుట్టలు అయిపోయినయా అనో.

నాలుగో రోజు గ్రామసేవక్ మళ్లీ వచ్చాడు. తోటలో కూర్చుని ఒక మొదలు చూసి మెచ్చుకోలుగా తలూపాడు. “మంచిగ కోసిండ్రే. మరి తెగులు ఎట్ల పాకింది గింత?” మామ ఆశ్చర్యంగా చూశాడు. “మేం కొయ్యలే సారూ.” సేవక్ కోసిన గాటు మీద వేలు పెట్టి చూపించాడు. మామ ఆ గాటు చూశాడు, తర్వాత నన్ను చూశాడు. కోపంగా కాదు. నేనే చెప్పాలన్నట్టు చూశాడు. అప్పుడు వచ్చింది నా నోటికి మాట.

“నేనే కోసిన మామా. మూడు దినాలు, మీరు పేడకు పోయినప్పుడు.”

సేవక్ మా ఇద్దరి మధ్యలో ఇబ్బందిగా నిలబడ్డాడు. “ఎట్ల కోసినవు చెల్లే, జర సూపెట్టు” అన్నాడు. నేను ఇంటికి పోయి కత్తెర, గిన్నె తెచ్చాను, అత్తమ్మ కూడా వెంట వచ్చింది. గిన్నెలో నీళ్లు పోసి పక్కన పెట్టుకుని కూర్చున్నాను. ఒక ఆకు కోశాను, వేళ్లు ముంచాను, రెండో మొక్కకు చెయ్యి చాపాను. “ఆగు” అన్నాడాయన. “గా గిన్నెల నీళ్లేంది?”  అత్తమ్మ వెనక నుంచి చెప్పింది, “మాకు అలవాటు సారూ, పోగు అతికేటప్పుడు.” ఆయన గిన్నె ఎత్తి నీళ్లు దూరంగా పారబోశాడు. చెడ్డ ఆకు తడి ఆ నీళ్లలోకి వచ్చిందనీ, ఆ నీళ్లు నా వేళ్లతో మంచి మొక్క గాటుకు ఎక్కాయనీ, చెడ్డవైపు నుంచి మంచివైపుకు నేను చేయి పట్టుకుని తోలుకొచ్చినట్టే అయిందనీ మెల్లగా చెప్పాడు. పైగా మంచులో కోశాను. కోయడం తప్పు కాదు, కోసిన తీరు తప్పు. నేను ఏడ్వలేదు. ఏడ్చే అర్హత కూడా లేదనిపించింది. మామ ఒకే ఒక్క మాట అడిగాడు, అదీ సేవక్‌ను. “మిగిలిన ఆరు సాళ్లు దక్కుతయా?”

దక్కొచ్చన్నాడు. ఎండెక్కి ఆకు పొడిగా ఉన్నప్పుడు, పొడి చేతులతో, మంచి సాళ్ల నుంచి మొదలుపెట్టి చెడ్డవాటి వైపు పోవాలి. ఒక్కో మొక్కకూ కత్తెర నిప్పు మీద చూపాలి. తెంపినవన్నీ కాల్చాలి, గుంటలో కప్పెట్టినవి కూడా తీసి. మామ నా చేతికి కత్తెర ఇచ్చాడు. “నువ్వు కొయ్యి బిడ్డా. నాతోని కాదు, చెయ్యి రాదు. నేను మోస్త.” ఆ మధ్యాహ్నం నుంచి మూడు రోజులు నేను కోశాను. ఒక చిప్పలో నిప్పులు, ఒక చిప్పలో బూడిద. ప్రతి మొక్కకూ వేళ్లు బూడిదలో రుద్దుకుని గుడ్డతో తుడుచుకోవాలి. నా కుడిచేయి మాత్రం దాని పాటికి అది లేని గిన్నె వైపు పోతూనే ఉండేది. అత్తమ్మ రాట్నం వదిలి వచ్చి నా పక్కన కూర్చున్నది. చేయి అటు పోయినప్పుడల్లా మణికట్టు మీద చిన్నగా కొట్టేది. మామ గంపలో ఆకులు ఎత్తుకుని మొహం పక్కకు తిప్పుకునే మోసుకుపోయాడు. ఏటి ఒడ్డున చెత్తవేసి కాల్చాడు. ఆ పొగ చేదుగా, ఘాటుగా ఉండేది. మూడు రోజులు మా బట్టలకూ అన్నానికీ కూడా అదే వాసన.

తర్వాత ఎదురుచూపు. పొద్దున్నే ముగ్గురం ఒకరికొకరు తెలియనట్టు ఏదో వంక పెట్టుకుని తోటకు పోయేవాళ్లం. ఒక రోజు పదో సాలులో ఒక ఆకు మీద మచ్చ కనబడింది. వేలితో తుడిస్తే పోయింది, మట్టి. శివరాత్రి ఇంక వారం ఉందనగా మామ అరుగు మీద కూర్చుని, “ఇన్‌లాండ్ తే బిడ్డా” అన్నాడు. నేను పలక మీద కాగితం పెట్టుకుని కింద కూర్చున్నాను. మామ చెప్పడం మొదలుపెట్టాడు.

“తోట సగం పోయిందని రాయి. ఆరు సాళ్లు నిలవడ్డయి, కాయ మంచిగున్నది. సగం ఎందుకు పోయిందంటే, పిందెల మీదున్న చెట్టుకు నేనే కత్తెర పెట్టిన. తడి చేతులతోని కోసిన. తప్పు నాది.”

నా కలం ఆగింది. “మామా, కోసింది నేను కదా.”

“రాయమన్న కద.”

“అబద్ధం ఎట్ల రాయాలె మామా?”

ఆయన నా వైపు చూడలేదు, వాకిట్లోకి చూస్తూ చెప్పాడు. “వాడు వచ్చేది నిన్ను సూసి. తోట పాడు జేసిన మనిషి కాడికి పోతున్న అనుకుంట రావద్దు. తండ్రి పాడు జేస్తే కొడుకు ఏమంటడు? రెండు దినాలు గులుగుతడు, అంతే. రాయి.” ఆ తర్వాత మిగిలింది చెప్పాడు. “ఆరు సాళ్లతోని ఇల్లు గడుస్తదని నేను మాటియ్యలేను. వస్తె తలో చెయ్యి ఏసుకుందాం. రాకుంటె వచ్చి నీ పెండ్లాన్ని తోల్కపో. గిట్ల దూరం దూరం ఉండుడు మంచిగ లేదు.” జీవితమంతా నడుమ కోతకు ఒప్పుకోని మనిషి, పచ్చని చెట్టుకు కత్తెర పెట్టానని తన పేరు మీద నా చేతనే రాయించాడు. నేను రాశాను. ఎదురు చెప్పి ఉండొచ్చు, చివర ఒక ముక్క నాదిగా రాసి ఉండొచ్చు. చిరునామా రాసేటప్పుడు ఉత్తరం చివర ఇంకా రెండు వేళ్ల మేర ఖాళీ ఉన్నది. మా ఆయన రావాలన్న ఆశ నా చేయి పట్టుకున్నది. అంటించి ఇచ్చేశాను.

శివరాత్రి పోయిన మూడో రోజు మా ఆయన ఆ పచ్చపెట్టె నెత్తిన పెట్టుకుని పడవ దిగాడు. ఆరు సాళ్ల కాయలు ఆయనే మంచిర్యాలకు మోశాడు. పై ఏడు ఇరవై సాళ్లు వేశాం, అడుగు ఆకులు పొడి చేతులతో తీశాం, తోట నిలబడింది. ఇంక షోలాపూర్ మాట రాలేదు. కానీ ప్రతి ఏడూ ఆకు తీసే రోజుల్లో ఆయన మామను ఆటపట్టించేవాడు. “మా బాపుకు నీళ్ల ముంత దూరం పెట్టుండ్రి, తోట మునుగుతది” అనేవాడు. ఊళ్లో నలుగురి ముందూ అనేవాడు. మామ పళ్లు లేని నోటితో నవ్వేవాడు. నేను ఏదో పని ఉన్నట్టు లోపలికి పోయేదాన్ని. మామ బతికి ఉన్నన్నాళ్లూ ఆ నింద ఆయనే మోశాడు. మామ దినకర్మలు అయిన సాయంత్రం మా ఆయన వాకిట్లో కూర్చుని, నా వైపే చూస్తూ అన్నాడు. “మా బాపు పచ్చని దానికి కత్తెర పెట్టంగ నేను పుట్టినకాడికెల్లి సూడలే.” అని ఆగాడు. ఎంతసేపు ఆగాడో నాకు ఇప్పటికీ గుర్తు. నేను పొయ్యి ఆరిపోతున్నదని లేచాను.

ఇప్పుడు మంచిర్యాలలో మేడ మీద కుండీల్లో నాలుగు టమాట మొక్కలు పెంచుతున్నాను. మచ్చ వస్తే మనవరాలు ఫోనుతో ఫోటో తీసి క్షణంలో తెగులు పేరు చెబుతుంది. ఏ సీసా కొనాలో కూడా అందులోనే వస్తుంది. అవతలి ఒడ్డున పొలాల్లో తీగలు కట్టి, చేతికి తొడుగులు వేసుకుని ఆకులు తీస్తున్నారట. మంచిదే, మాలాగా ఒక గిన్నె నీళ్లకు ఎవరి తోటా పోకూడదు. అయితే ఆ రోజుల్లో తప్పు చేస్తే మీద వేసుకోవడానికి ఇంట్లో ఒక మనిషి ఉండేవాడు. అలాంటి మనిషి ఉంటే మంచిదా కాదా అని ఇప్పుడు కూడా తేల్చుకోలేను, ఎందుకంటే నా నోరు మూతపడింది మామ మంచితనంతోనే.

ఉత్తరం చివరికి నిన్న విప్పాను. సిరా వెలిసింది గానీ అక్షరాలు కనబడుతున్నాయి. ‘తప్పు నాది’ అన్న చోట మాత్రం సిరా చెదిరి, ఒక వేలి ముద్ర అంత మరక ఉన్నది. రాసినప్పుడు కళ్లు తుడుచుకున్న చేతితోనే ఆ మాట మీద అదిమి ఉంటాను. మామకు రాయడం రాదు. ఆ తడి ఎవరిదో చదివిన మా ఆయనకు తెలియకుండా ఉంటుందా? రెండేళ్లలో నా నుంచి పోయిన ఉత్తరాలన్నీ పారేసి, ఈ ఒక్కటీ నా కత్తెర కింద పెట్టుకున్నాడు. అంతా తెలిసే పడవ దిగాడు. తెలిసే అన్నేళ్లు తండ్రిని ఆటపట్టించాడు, నేను ఎప్పుడో ఒకప్పుడు కాదంటానేమోనని. వినేవాళ్లు ఇద్దరూ లేరు. ఆ ఖాళీలో రాయాల్సిన మాట ఇప్పుడు రాస్తున్నాను. కోసింది నేను. తడి వేళ్లు నావి.